వేట తుపాకుల్లో భద్రతా లోపాలు, రీకాల్: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

వేటకు గానీ పంట కాపలాకు గానీ వాడే తుపాకి ఎవరూ ట్రిగ్గర్ నొక్కకుండానే పేలడం, నొక్కినప్పుడు గుండు ముందుకు పోకుండా గొట్టమే పగలడం, చేయి జారి కింద పడితే పేలిపోవడం వంటివి భద్రతా లోపాలు. ఒక నమూనాలో ఇలాంటి లోపం ఉందని తేలినప్పుడు తయారు చేసిన కంపెనీ ఆ తుపాకులను వెనక్కి రప్పించి, తన ఖర్చుతో బాగుచేయడాన్నో మార్చి ఇవ్వడాన్నో రీకాల్ అంటారు. ఇందుకు రెండు విషయాలు తెలిసి ఉండాలి: తయారు చేసినవారి పేరు, వాడుతున్నవారి చిరునామా. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పొలాల దగ్గర కనిపించే నాటు తుపాకికి ఈ రెండూ ఉండవు. ఇక్కడి తుపాకి ప్రమాదాలను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పొలం, అడవి, తుపాకి

మదనపల్లె ప్రాంతం టమాటాకు పేరుపొందింది. పుంగనూరు, చౌడేపల్లె, సోమల, సదుం మండలాల్లో వేరుశనగ, టమాటా, చెరకు. కుప్పం, రామకుప్పం, శాంతిపురం, వి.కోట వైపు రాగి, మల్బరీ, కూరగాయలు పండుతాయి. చాలాచోట్ల చేను గట్టు దాటితే గుట్ట, గుట్ట దాటితే అడవి. రాత్రిపూట అడవిపందుల మంద ఒక్కసారి దిగితే వేరుశనగ చేను తెల్లారేసరికి దున్నేసినట్టు అవుతుంది. కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు కూడా వస్తాయి. 1980లలో హోసూరు వైపు అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడం మొదలైంది. 1990లో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు.

రైతు మంచె కట్టుకుని రాత్రంతా మేలుకుంటాడు. డప్పు కొడతాడు, టపాసులు కాలుస్తాడు, మంట వేస్తాడు. వీటన్నిటితోపాటు కొందరి చేతిలో తుపాకి కూడా ఉంటుంది. వేట మాంసం కోసం అడవిలోకి వెళ్ళేవారి దగ్గరా అదే తుపాకి. పుంగనూరు జమీందారీ, కుప్పం వైపు కంగుంది జమీందారీ ఉన్న రోజుల్లో వేట పెద్దింటి వినోదం. ఇదే పాత జిల్లాలోని చామల లోయలో తిరిగిన పెద్దపులి గురించి బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్ రైఫిలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటపై కట్టడి వచ్చింది. ఆ తరం రైఫిళ్లు చాలావరకు కనుమరుగయ్యాయి. అడవి అంచున మిగిలినవి ముఖ్యంగా రెండు రకాలు: లైసెన్సు ఉన్న పాత పన్నెండు బోరు తుపాకులు, లైసెన్సు లేని నాటు తుపాకులు.

నాటు తుపాకి లోపాలు

నాటు తుపాకి గొట్టం నోటిలోంచి మందు పోసి కూరే రకం. లైసెన్సు పుస్తకాల్లో దీన్ని ఎస్‌బీఎంఎల్ అని రాస్తారు, అంటే ఒంటి గొట్టపు మజిల్ లోడర్. గొట్టంలో తుపాకి మందు పోసి, పైన గుడ్డో పీచో కూరి, గుండ్లు వేసి, మళ్ళీ కూరి, వెనక నిప్పుల్ మీద టోపీ పెడతారు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి టోపీని కొడుతుంది, నిప్పు సన్నని రంధ్రం గుండా మందుకు అంటుకుంటుంది. ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం మొదటి భాగం నాటిది. పద్ధతి పాతదైనంత మాత్రాన ప్రమాదకరం కాదు. మంచి ఉక్కుతో, సరైన కొలతలతో తయారై, పరీక్ష దాటిన మజిల్ లోడర్‌తో అనేక దేశాల్లో ఇప్పటికీ వేటాడతారు. ఊరి కొలిమిలోనో చిన్న వర్క్‌షాపులోనో దొరికిన గొట్టంతో చేసిన తుపాకితోనే అపాయం.

మొదటి లోపం గొట్టంలోనే ఉంటుంది. నీటి పైపుగానో యంత్ర భాగంగానో తయారైన గొట్టం నీళ్ళ ఒత్తిడికో మెలితిప్పే బలానికో సరిపోతుందే తప్ప, క్షణంలో వెయ్యో వంతు కాలంలో లోపల ఎగసే వాయువుల పీడనానికి కాదు. నిలువునా అతుకు ఉన్న పైపు అయితే ఆ అతుకే మొదట విడిపోతుంది. తుప్పు లోపలి నుంచి తింటుంది కాబట్టి బయటికి నున్నగా కనబడే గొట్టం కూడా లోపల పలచబడి ఉండవచ్చు. వాడినవెంటనే కడగకపోతే తుపాకి మందు మసి గాలిలోని తేమను పట్టి ఇనుమును తినేస్తుంది. పోలీసు భయంతో తుపాకిని గడ్డివాములోనో బండ సందులోనో వానాకాలమంతా దాచిపెడితే ఆ పని మరీ తొందరగా జరుగుతుంది.

రెండోది గొట్టం వెనక మూత. కంపెనీ తుపాకిలో దీన్ని లోతైన మరలతో బిగిస్తారు. నాటు తుపాకిలో తరచు వెల్డింగుతోనో కొట్టి బిగించిన దిమ్మెతోనో సరిపెడతారు. అది ఊడితే వచ్చేది వెనక్కి, కాల్చేవాడి కన్ను, చెంప, బొటనవేలు ఉన్న వైపుకే. గొట్టం మధ్యలో పగిలితే దెబ్బ తుపాకిని పట్టుకున్న ఎడమ అరచేతికి తగులుతుంది.

మూడోది సుత్తి, ట్రిగ్గర్ల అమరిక. కంపెనీ మజిల్ లోడర్‌లో సుత్తిని సగం ఎత్తి ఆపే గాడి ఒకటి ఉంటుంది. నాటు తుపాకిలో ఆ గాడి ఉండకపోవచ్చు, ఉన్నా మెత్తని ఇనుముతో చేసింది కావడంతో కొన్నాళ్ళకే అరిగిపోతుంది. టోపీ పెట్టిన నిప్పుల్ మీద సుత్తి ఆనించి భుజాన వేసుకుని గుట్ట ఎక్కుతుంటే, రాయికి తగిలినా కొమ్మకు చిక్కుకున్నా చాలు పేలడానికి. ముందు నడిచేవాడి వీపు దానికి ఎదురుగా ఉంటుంది.

వాడకంలో జరిగే పొరపాట్లు వీటికి తోడవుతాయి. గుండు మందు మీద పూర్తిగా ఆనకుండా మధ్యలో ఆగిపోతే, ఆ ఖాళీ దగ్గర పీడనం ఎగసి గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. పేలలేదనుకుని చీకట్లో మళ్ళీ మందు పోస్తే రెండు మోతాదులు ఒకదానిమీద ఒకటి చేరతాయి. టోపీ పేలినా మందు ఆలస్యంగా అంటుకుంటే, ఏమైందోనని గొట్టంలోకి తొంగిచూస్తున్న క్షణంలోనే పేలవచ్చు. తుపాకి మందు దొరకనప్పుడు టపాసుల్లోని మందు వాడటం వీటన్నిటికంటే ఘోరం. శబ్దం కోసం చేసిన ఆ మిశ్రమం తుపాకి మందులా క్రమంగా కాలదు, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. దాన్ని తట్టుకునే నాటు గొట్టం లేదు. సీసం గుండ్లకు బదులు ఇనుప ముక్కలు, బేరింగు బాల్సు వేస్తే అవి గొట్టంలో ఇరుక్కునే అవకాశమూ ఉంది.

ఇలా గాయపడినవారిలో కొందరైనా ఆసుపత్రిలో నిజం చెప్పడానికి భయపడతారు. చెబితే అక్రమ ఆయుధం కేసు, అడవిలో జరిగితే అటవీ శాఖ కేసు కూడా. దీంతో ఏ గొట్టం ఎందుకు పగిలిందో ఎక్కడా నమోదు కాదు, ఒకరి గాయం నుంచి మరొకరు జాగ్రత్తపడే దారి మూసుకుపోతుంది. లోపం నమోదు కావడమే రీకాల్‌కు మొదటి మెట్టు కాబట్టి, ఈ మౌనాన్నే ఈ ప్రాంతపు అతిపెద్ద భద్రతా లోపంగా చూడాలి.

లైసెన్సు తుపాకులు

లైసెన్సు ఉన్నవాటిలో పన్నెండు బోరు ఒంటి గొట్టం, జంట గొట్టాల తుపాకులు ఎక్కువ. తాతల నాటి విదేశీ తుపాకులు వారసత్వంగా వచ్చిన ఇళ్ళు కూడా ఉన్నాయి. ఇలాంటి తుపాకుల్లో ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలు ఉండవచ్చు. అవి పాత తుపాకి మందు కోసం చేసినవి. నేటి పొగలేని మందు తూటాలకు అవి తగవు. తూటా కూర్చునే ఛాంబర్ పొడవు కూడా చూడాలి. రెండున్నర అంగుళాల ఛాంబర్‌లో రెండు ముప్పావు అంగుళాల తూటా పెడితే లోపల పడుతుంది. కానీ కాల్చినప్పుడు దాని మూతి విప్పుకోవడానికి చోటు చాలక పీడనం పెరిగిపోతుంది.

మరో అపాయం తూటాలు కలిసిపోవడం. ఇరవై బోరు తూటా పన్నెండు బోరు ఛాంబర్‌లోంచి ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఛాంబర్ ఖాళీగా కనబడుతుంది కాబట్టి వెనక పన్నెండు బోరు తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలిపోతుంది. ఈ కారణంగానే ఇరవై బోరు తూటాలకు పసుపు రంగు వేసే ఆనవాయితీ ఏర్పడింది. ఏళ్ళ తరబడి గోడకు వేలాడే తుపాకి గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టినా ఫలితం అదే. కాల్చేముందు గొట్టం లోపల వెలుతురు కనబడుతోందో లేదో చూడని అలవాటు మంచి తుపాకిని కూడా ప్రమాదకరంగా మారుస్తుంది.

రైఫిళ్లలో మన దేశంలో ఎక్కువగా కనిపించేది .315 స్పోర్టింగ్ రైఫిలు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని లీ ఎన్‌ఫీల్డ్ నమూనా ఆధారంగా తయారు చేస్తుంది. .303 సైనిక తూటా కావడంతో, పౌరుల కోసం వేరే కొలత అవసరమై .315 వచ్చింది. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. చిన్న ఆయుధాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. అంటే ఈ తుపాకులకు తయారీదారు పేరు ఉంది, నంబరు ఉంది, అడగడానికి ఒక చిరునామా ఉంది.

ప్రూఫ్ పరీక్ష

తుపాకి అమ్మకానికి వెళ్ళేముందు మామూలు కంటే ఎక్కువ పీడనం పుట్టించే తూటాతో కాల్చి చూడటాన్ని ప్రూఫ్ పరీక్ష అంటారు. దాటితే గొట్టం మీద ముద్ర వేస్తారు. లండన్ తుపాకి కార్మికుల సంఘానికి 1637లోనే రాజపత్రం లభించింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. 1914లో బ్రస్సెల్స్‌లో మొదలైన సీఐపీ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న దేశాల్లో ఒకరి ముద్రను మరొకరు గుర్తిస్తారు. రైఫిలును సాధారణ గరిష్ఠ పీడనం కంటే 25 శాతం ఎక్కువతో పరీక్షిస్తారు. భారతదేశం ఈ ఒప్పందంలో లేదు. .30-06 వంటి నేటి వేట తూటా చదరపు అంగుళానికి 60,000 పౌన్ల దాకా పీడనం పుట్టిస్తుందని గుర్తుంచుకుంటే, ఈ ముద్ర ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

మన ఆయుధ చట్టంలో ఒక చిక్కు ఉంది. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకిని తయారు చేయడానికే కాదు, బాగుచేయడానికి, పరీక్షించడానికి, ప్రూఫ్ చేయడానికి కూడా లైసెన్సు కావాలి. ఉద్దేశం మంచిదే. కానీ పడమటి మండలాల్లోని లైసెన్సుదారుకు లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరలో ఉండకపోవచ్చు. అప్పుడు సడలిన ట్రిగ్గర్‌ను అలాగే వాడటమో, లైసెన్సు లేని చేతికి ఇవ్వడమో జరుగుతుంది. రెండూ ప్రమాదమే.

ఇతర దేశాల అనుభవం

వేట రైఫిళ్ల రీకాల్ చరిత్రలో రెమింగ్టన్ 700 కథను తప్పక చెప్పుకోవాలి. 1962లో వచ్చిన ఈ అమెరికన్ రైఫిలులో మైక్ వాకర్ అనే ఇంజినీరు రూపొందించిన ట్రిగ్గర్ ఉండేది. అందులో కనెక్టర్ అనే చిన్న రేకు ఉంటుంది. మసి, దుమ్ము, పలుచని నూనె పేరుకుని అది తన చోటికి పూర్తిగా తిరిగి రాకపోతే, సేఫ్టీ తీసినప్పుడో బోల్టు కదిలించినప్పుడో ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే అవకాశం ఉందన్నది ఆరోపణ. ఇదే ట్రిగ్గర్ వాడిన అంతకుముందు నమూనాల మీద 1940ల చివర్లోనే వాకర్ ఒక మార్పు సూచించాడు. దానికి ఒక్కో తుపాకికి అయ్యే ఖర్చు ఐదున్నర సెంట్లని తర్వాత బయటపడిన పత్రాలు చెబుతున్నాయి. మార్పు జరగలేదు. దశాబ్దాల పాటు గాయాలు, మరణాలు, దావాలు నడిచాయి. తన ట్రిగ్గర్‌లో లోపం లేదని కంపెనీ వాదిస్తూ వచ్చింది. 2006 తర్వాత వచ్చిన కొత్త ట్రిగ్గర్‌లో కూడా అంటించే జిగురు ఎక్కువైందని 2014 ఏప్రిల్‌లో కంపెనీయే రీకాల్ ప్రకటించింది.

చివరికి సుమారు 75 లక్షల తుపాకులకు వర్తించే ఒప్పందాన్ని 2017లో అమెరికా కోర్టు ఆమోదించింది. దాని ప్రకారం ట్రిగ్గర్ ఉచితంగా మార్చి ఇస్తామన్నారు. అప్పటికి వచ్చిన దరఖాస్తులు 22,000 మాత్రమే. చాలామంది యజమానులకు ఆ కబురే చేరలేదు. ఎవరి దగ్గర ఏ తుపాకి ఉందో చెప్పే జాతీయ జాబితా ఆ దేశంలో లేదు. వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఏర్పాటు చేసిన 1972 చట్టం తుపాకులను ఆ సంఘం పరిధి నుంచి తప్పించింది కాబట్టి రీకాల్ చేయమని ఆదేశించే ప్రభుత్వ సంస్థ కూడా లేదు.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. ఉక్కు లోపంతో కొన్ని స్టెయిన్‌లెస్ గొట్టాలు పగలడంతో ఫిన్లండ్‌కు చెందిన సాకో కంపెనీ 2004లో తన సాకో, టిక్కా రైఫిళ్లను వెనక్కి పిలిచింది. 1961 నుంచి 1973 దాకా తయారైన వించెస్టర్ మోడల్ 100లో ఫైరింగ్ పిన్ విరిగే అపాయం ఉందని 1990లో రీకాల్ ఇచ్చారు. తయారీ ఆగిపోయిన పదిహేడేళ్లకు కూడా బాధ్యత ఒప్పుకోవచ్చని ఇది చూపిస్తుంది.

మన చట్టం ఎక్కడిదాకా వస్తుంది

ఆయుధ చట్టం 13వ సెక్షన్ పంట కాపలాకు మజిల్ లోడర్ లైసెన్సును ప్రత్యేకంగా గుర్తిస్తుంది. అది సరిపోదని అధికారి భావిస్తే వేరే నున్నని గొట్టపు తుపాకికి కూడా లైసెన్సు ఇవ్వవచ్చు. అంటే రైతుకు సక్రమమైన తుపాకి పొందే దారిని చట్టమే చూపింది. అయితే వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతి ముందుగా కావాలి. కౌండిన్య చుట్టూ ఉన్న ఊళ్ళలో చాలా వాటికి ఇది వర్తిస్తుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. దానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద విడిగా లిఖిత అనుమతి ఉండాలి. ఏనుగు ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు. నాటు తుపాకి గుండ్లు ఏనుగును ఆపలేవు, గాయపరచి మరింత రెచ్చగొడతాయి. ఆ పూట కాల్చినవాడు తప్పించుకున్నా మర్నాడు అదే దారిన వెళ్ళే కూలివాడు బలి కావచ్చు.

2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేస్తే కనీసం ఏడేళ్ళు, గరిష్ఠంగా జీవిత ఖైదు పడుతుంది. తయారీదారు పేరో నంబరో లేని తుపాకిని అమ్మడాన్ని 8వ సెక్షన్ నిషేధిస్తుంది. శిక్షలు బాగానే ఉన్నాయి. కంపెనీ తుపాకిలో లోపం బయటపడితే ఏం చేయాలన్న దానికి మాత్రం ఆయుధ చట్టంలో స్పష్టమైన రీకాల్ విధానం కనిపించదు. వాహనాలకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110ఏ సెక్షన్‌తో అలాంటి విధానం వచ్చింది. తుపాకికి సాధారణ వినియోగదారుల చట్టమే ఆధారం. 2020 జులైలో అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం తయారీ లోపానికి, నమూనా లోపానికి, సరైన హెచ్చరిక ఇవ్వకపోవడానికి తయారీదారు బాధ్యుడు. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించమని ఆదేశించే అధికారం 20వ సెక్షన్ కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. తుపాకిని మార్చి ఉన్నా, దుర్వినియోగం చేసినా దాన్ని అమ్మినవారి మీద దావా వేయడానికి వీల్లేదని 87వ సెక్షన్ చెబుతుంది. బయట మరమ్మతు చేయించుకున్నవారు ఈ మినహాయింపును గమనించాలి.

అమెరికాలో రీకాల్ విఫలమవడానికి కారణమైన కొరత మన దగ్గర లేదు. ప్రతి లైసెన్సుదారుకు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంది, ఏ నంబరు తుపాకి ఏ ఇంట్లో ఉందో రికార్డులో ఉంది. ఈ జాబితాను ఇప్పటిదాకా నేర నియంత్రణ కోసమే చూస్తున్నారు. తయారీ కంపెనీ ఒక లోపాన్ని గుర్తిస్తే, ఆ కబురును కుప్పంలోని లైసెన్సుదారుకు తెలుగులో చేర్చడం దీనితో సాధ్యమే. ఇంకో అవకాశం కూడా ఉంది. ప్రతి ఎన్నికల ముందు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లలో డిపాజిట్ చేయిస్తారు. అవి అక్కడ వారాల తరబడి ఉంటాయి. జిల్లా సాయుధ రిజర్వులో ఆయుధాలు చూసుకునే ఆర్మరర్‌తో ఆ సమయంలో ఒక్కసారి గొట్టం, ట్రిగ్గర్, సేఫ్టీ చూపించి, వాడదగనిదైతే యజమానికి రాసి ఇస్తే కొత్త చట్టమేదీ అవసరం లేకుండానే ఎన్నో చేతులు, కళ్ళు దక్కుతాయి.

నాటు తుపాకికి ఈ దారి కూడా లేదు. దానికి రీకాల్ అంటే అప్పగించడమే. కేసుల భయం ముందున్నంత కాలం దాచినవాడు దాన్ని బయటికి తీయడు. అందువల్ల గడువు పెట్టి అప్పగించినవారి మీద కేసులు పెట్టబోమని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. పంట నష్టపరిహారం ఆ సీజన్‌లోనే చేతికి రావాలి. పందుల బెడద నిజంగా ఉన్న ఊళ్ళలో 13వ సెక్షన్ లైసెన్సు దరఖాస్తులను ఏళ్ళ తరబడి నాన్చకూడదు. ఇంట్లో పేరు, నంబరు లేని తుపాకి ఉన్నవారికి ఒక మాట: దానిలో మందు కూరి ఉంటే మీరే తీయబోకండి, దాన్ని స్టేషన్‌కు మోసుకెళ్ళనూ వద్దు. దూరంగా పెట్టి, పిల్లలను అటు పోనివ్వక, ఊరి పెద్దల ద్వారానో న్యాయవాది ద్వారానో పోలీసులకు కబురు పంపండి.